షెడ్డులోనే ఆగిపోయిన స్టీమ్ ఇంజన్

1960 మార్చిలో ఇంగ్లాండ్‌లోని స్విండన్ వర్క్‌షాప్ నుంచి ఈవెనింగ్ స్టార్ అనే ఇంజన్ బయటికొచ్చింది, నంబర్ 92220, బ్రిటిష్ రైల్వేస్ కోసం కట్టిన ఆఖరి స్టీమ్ ఇంజన్ అదే. పేరు పెట్టారు, ఫంక్షన్ చేశారు, ఫొటోలు దిగారు. 1965లో సర్వీసు నుంచి తీసేశారు. ముప్పై నలభై ఏళ్లు బండి లాగాల్సిన ఇంజన్, ఐదేళ్లకే మూలపడింది.

డీజిల్ వచ్చింది కాబట్టి స్టీమ్ పోయింది అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు గానీ, నన్నడిగితే అసలు సంగతి షెడ్డులో ఉంది. వర్క్‌షాప్ వేరు, షెడ్డు వేరు. ఇంజన్ పుట్టేది, పెద్ద రిపేర్లకు వెళ్లేది వర్క్‌షాప్‌కి, రోజూ డ్యూటీ దిగి ఇల్లు చేరినట్టు చేరేది షెడ్డుకి. ఆ షెడ్డులో పనేంటో చూడండి: బొగ్గు మండే ఫైర్‌బాక్స్‌లో గడ్డకట్టిన చిట్టెం పొడిచి లాగాలి, బూడిద ఎత్తిపోయాలి, పొగగొట్టాల్లో మసి దులపాలి, వారం పది రోజులకోసారి బాయిలర్ కడగాలి, మళ్లీ చల్లటి ఇంజన్‌కి నిప్పు పెడితే ఆవిరి పట్టడానికి గంటలకు గంటలు, అంటే పొద్దున్నే బండి కదలాలంటే అర్ధరాత్రి నుంచే ఎవడో ఒకడు మేలుకుని ఉండాల్సిందే. డ్రైవర్ అవ్వాలనుకున్న ప్రతి కుర్రాడూ క్లీనర్‌గా ఈ మసిలోనే మొదలుపెట్టి, ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మ్యాన్ అయ్యి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆగాలి. యుద్ధం అయ్యాక 1950ల్లో ఫ్యాక్టరీల్లో మంచి జీతానికి శుభ్రమైన ఉద్యోగాలు దొరుకుతుంటే ఈ పనికి ఎవరొస్తారు? రాలేదు. షెడ్డుల్లో మనుషులు దొరక్క ఇంజన్లు మురికిపట్టి, మెయింటెనెన్స్ లేక పాడయ్యాయి, అప్పుడు జనం ఇంజన్నే తిట్టుకున్నారు.

వర్క్‌షాప్‌ల కథ ఇంకో రకం. స్విండన్‌లో ఇంజన్ల కార్ఖానా పెడదామని 1840లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే కంపెనీ చీఫ్ ఇంజనీర్ బ్రూనెల్‌కి ఉత్తరం రాసిన, అదే కంపెనీలో ఇంజన్ల బాధ్యత చూసే డేనియల్ గూచ్‌కి అప్పటికి 24 ఏళ్లే. 1843లో పని మొదలైంది. చిన్న సంత ఊరు కాస్తా కంపెనీ ఊరైపోయింది, ఇళ్లు కంపెనీవే, లైబ్రరీ ఉంది, 1847 నుంచి జీతంలో కొంచెం కోసుకుని కార్మికులకూ కుటుంబాలకూ వైద్యం చూసే ఫండ్ ఉంది, దేశమంతటికీ ప్రభుత్వ వైద్యం వచ్చింది 1948లో అని గుర్తుపెట్టుకుంటే అదెంత ముందుచూపో తెలుస్తుంది. మంచి రోజుల్లో 14,000 మందికి పైగా అక్కడే పనిచేశారు. 1986లో మూసేశారు. ఇప్పుడక్కడ మ్యూజియం, పక్కనే షాపింగ్ సెంటర్.

మనవాళ్లకి ఒక డౌట్ రావచ్చు, బ్రిటన్ నుంచి మన దేశానికొచ్చిన పాత ఇంజన్ల మీద వల్కన్ ఫౌండ్రీ, నార్త్ బ్రిటిష్ లాంటి ప్రైవేటు తయారీదార్ల పేర్లే గానీ స్విండన్, క్రూ లాంటి రైల్వే కంపెనీల సొంత వర్క్‌షాప్‌ల పేర్లు ఎందుకు పెద్దగా కనపడవని. క్రూ వర్క్‌షాప్ వాళ్లు పక్క రైల్వేకి ఇంజన్లు అమ్ముతుంటే ప్రైవేటు తయారీదార్లు కోర్టుకెక్కారు, 1876లో రైల్వే కంపెనీలు బయటివాళ్లకి ఇంజన్లు కట్టకుండా ఆర్డర్ వచ్చింది. అంత నైపుణ్యం ఉన్నా సొంత పట్టాల కోసమే పనిచేయాల్సి వచ్చింది, ఆ పట్టాల మీద పాలసీ మారగానే వేరే దారి లేకపోయింది.

ఆ పాలసీ సంగతే నాకు మింగుడుపడదు. 1951 నుంచి 1960 దాకా కొత్త డిజైన్లతో 999 స్టీమ్ ఇంజన్లు కట్టారు. మధ్యలో, 1955లో, 124 కోట్ల పౌండ్ల మోడర్నైజేషన్ ప్లాన్ పెట్టి స్టీమ్‌కి వీడ్కోలన్నారు. ఒక చేత్తో కడుతూ ఇంకో చేత్తో పాడె కట్టడమే కదా ఇది! కార్న్‌ఫోర్త్, లాస్టాక్ హాల్, రోజ్ గ్రోవ్, చివరిదాకా మిగిలిన ఈ మూడు షెడ్డులూ 1968 ఆగస్టులో స్టీమ్‌కి తలుపులు మూశాక కథ అయిపోయింది.

మిగిలినవి ఎలా మిగిలాయంటే, వేల్స్‌లోని బారీలో ఒక స్క్రాప్ యార్డు వాళ్లు ముందు పాత వ్యాగన్లు కోసుకుంటూ ఇంజన్ల జోలికి వెళ్లలేదు, ఈలోపు స్టీమ్ పిచ్చోళ్లు చందాలేసుకుని 213 ఇంజన్లు కొనుక్కుపోయారు. ఇనుము అలా దొరికింది గానీ చేతిపని అంత తేలిగ్గా దొరకలేదు. ఔత్సాహికులు డార్లింగ్టన్‌లో టోర్నాడో అనే కొత్త ఇంజన్ కట్టి 2008లో నడిపించారు, అంతా బాగానే ఉంది, బాయిలర్ మాత్రం జర్మనీలోని మైనింగెన్‌లో చేయించుకుని తెచ్చుకున్నారు.