ప్లస్ ఆర్ మైనస్ 0.02 గారికి ఒక సెట్టర్ విన్నపం

మహారాజశ్రీ ప్లస్ ఆర్ మైనస్ 0.02 గారి సముఖానికి,

ప్లాస్టిక్ పార్టులు కోసే కంప్యూటర్ మెషీన్‌ను (సీఎన్‌సీ) సిద్ధం చేసే సెట్టర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అందామంటే, కుశలం మీ ఒక్కరిదే. పార్టు కొలత ఇంతకు మించి అటూ ఇటూ జరగకూడదని మిల్లీమీటర్లలో గీసిన హద్దు మీరు. డ్రాయింగ్ కింది మూల గడిలో కదలకుండా కూర్చున్నారు. కదిలేదంతా మెటీరియలూ, నేనూ.

తమరు పుట్టింది ఉక్కు పార్టు డ్రాయింగ్‌లోనట కదా. తర్వాతెవరో మెటీరియల్ గడిలో ఉక్కు తీసేసి ఎసిటాల్ అనే ప్లాస్టిక్ పేరు కొట్టారు. మిమ్మల్ని లేపే ధైర్యం మాత్రం చేయలేదు. పెద్దవారాయె! అయ్యా, 100 మిల్లీమీటర్ల ఎసిటాల్ ముక్క 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.1 మిల్లీమీటరు పెరుగుతుంది. అటూ ఇటూ కలిపి మీరిచ్చిన చోటు 0.04. ఉక్కయితే 0.012 దగ్గర ఆగేది, మీ పరువూ నిలిచేది.

అందుకే కటింగ్ అవగానే కొలవను, చల్లారనిస్తాను. ఆ కాసేపూ సూపర్‌వైజర్ కంటికి నేను సోమరిని. చల్లారాక ఇంకో తమాషా: కొలిచే మైక్రోమీటర్‌ను కాస్త గట్టిగా బిగిస్తే పార్టు నొక్కుకుపోయి సైజు వస్తుంది, మెల్లగా తిప్పితే రాదు. మా ఇన్‌స్పెక్టర్‌ది, నా ఖర్మకొద్దీ, మెత్తని చేయి.

బోరు, అంటే పార్టు లోపలి రంధ్రం, సంగతి సరేసరి. పార్టును పట్టే చక్‌లో ఉన్నంతసేపూ చక్కటి గుండ్రం, దాని మూడు దవడలు (జాస్) వదలగానే మూడు మూలల ముఖం. పోనీ వదులుగా పట్టుకుందామా అంటే పార్టు ఎగిరి తలుపుకి తగులుతుంది.

నైలాన్ అయితే ఇక్కడ పాసై, గాలిలోని తేమ పీల్చుకుని, కస్టమర్‌ని చేరేసరికి ఒళ్లు చేస్తుంది. రిజెక్షన్ కాగితంలో కారణం 'గాలి' అని రాయరు. 'సెట్టింగ్ తప్పు' అని రాస్తారు. ఇక కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలని మీ పెద్దలు ముహూర్తం పెట్టారు. టెఫ్లాన్ లోపలి స్ఫటికాల అమరిక మారి ఉబ్బేది 19 దగ్గర! జాతకాలు చూసే పెట్టారేమో.

బేరింగ్ కూర్చునే చోట మీరుండండి, అక్కడ తమరి అవసరం ఉంది. కానీ దేనికీ ఆనని బయటి అంచు మీద కూడా మీరేనా? స్క్రూ వదులుగా దూరే రంధ్రం మీద కూడానా? అలాంటి చోట్లకు దయచేసి ప్లస్ ఆర్ మైనస్ 0.2 గారిని పంపండి. ఆయనా మీ వంశమే, ఒక్క సున్నా తక్కువ, అంతే.

ఇట్లు,
తమ విధేయుడు,
నైట్ షిఫ్ట్ సెట్టర్