సవరణ: కేదార్‌కంఠ వేరు, కేదార్‌నాథ్ వేరు

మొన్న ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండ ట్రెక్ గురించి రాస్తూ, దిగాక పక్కనే కేదార్‌నాథ్ దర్శనం కూడా చేసుకోవచ్చన్నాను. అది తప్పు. పేరు చూసి పొరబడ్డాను. కేదార్‌నాథ్ ఉన్నది రుద్రప్రయాగ్ జిల్లాలో. కేదార్‌కంఠ ఉత్తరకాశీ జిల్లాలో, సాంక్రీ ఊరి నుంచి ఎక్కాలి. మధ్యలో ఘాట్ రోడ్డు మీద ఓ రోజంతా ప్రయాణం. పైగా మంచు కోసం ఎక్కువమంది కేదార్‌కంఠ ఎక్కేది డిసెంబరు నుంచే. అప్పటికి కేదార్‌నాథ్ గుడి మూసేసి, స్వామిని చలికాలం పూజలకు కిందనున్న ఊఖీమఠ్ ఊరికి తెచ్చేస్తారు. అంటే వెళ్లినా దర్శనం ఉండదు. టికెట్లు బుక్ చేసేసినవాళ్లు ఉంటే క్షమించండి.

ఇంకో పొరపాటు, కేదార్‌కంఠ ఎత్తు. 12,500 మీటర్లని రాశాను, అవి అడుగులు. మీటర్లలో సుమారు 3,800. ఎవరెస్టే 8,849 మీటర్లు మరి!