సవరణ: పేజ్ పట్టణం, మాన్యుమెంట్ వ్యాలీల మధ్య గడియారం సంగతి

మోటర్‌హోమ్‌లో ఆరిజోనా ఎడారి యాత్ర గురించి రాస్తూ, ఆ రాష్ట్రమంతటా వేసవిలో గడియారం మార్చరు కాబట్టి పేజ్ నుంచి మాన్యుమెంట్ వ్యాలీకి వెళ్లేటప్పుడు సమయం సరిచూసుకోనక్కర్లేదని చెప్పాను. అది తప్పు. ఆరిజోనా డేలైట్ సేవింగ్ పాటించకపోయినా, ఈశాన్య భాగంలోని నవాహో నేషన్ (నవాహో ఆదివాసుల స్వపరిపాలన ప్రాంతం, మాన్యుమెంట్ వ్యాలీ ఇందులోనే ఉంది) మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు గడియారాన్ని గంట ముందుకు జరుపుతుంది. చిత్రమేమిటంటే, నవాహో భూమి చుట్టుముట్టిన హోపీ అనే మరో ఆదివాసీ తెగ ప్రాంతం మాత్రం జరపదు. అమెరికా రవాణా శాఖ, నవాహో పార్కుల విభాగం ఇచ్చే సమాచారం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది, నేనే చూసుకోలేదు.

అందువల్ల జులైలో పేజ్‌లో ఏడింటికి బయలుదేరి రెండు గంటలు నడిపితే, డ్యాష్‌బోర్డు గడియారం తొమ్మిది చూపుతున్నా మాన్యుమెంట్ వ్యాలీలో పదవుతుంది, తొమ్మిదిన్నర జీప్ టూరు అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. యాంటెలోప్ కాన్యన్ నవాహో భూమిలోనే ఉన్నా అక్కడి టూర్లు పేజ్ సమయం ప్రకారమే నడుస్తాయి. దారిలో సెల్‌ఫోన్ గడియారం టవర్‌ని బట్టి ముందుకూ వెనక్కూ దూకుతుంటుంది గనుక దాన్నీ నమ్మలేం, బుక్ చేసేటప్పుడే ఏ సమయమో అడగడం మేలు.

ఇంకొకటి: అమెరికా ప్రభుత్వ భూ నిర్వహణ సంస్థ (బీఎల్ఎం) భూముల్లో 14 రోజులు ఉచితంగా బండి నిలుపుకోవచ్చన్న నా మాటను కొందరు నవాహో భూములకూ అన్వయించుకున్నారు. ఆ వెసులుబాటు అక్కడ వర్తించదు, విడిది చేయడానికి నవాహో అనుమతి తప్పనిసరి.