ద కింద ద వత్తు

ఆఫ్రికాలో స్వతంత్ర సినిమా దర్శకుడిగా స్థిరపడాలనుకునేవారు ముందుగా ఓడరేవులో మూటలు మోయాలి. సెనెగల్‌కు చెందిన ఉస్మాన్ సెంబెన్ అలాగే మొదలుపెట్టాడు కాబట్టి దీన్నే కనీస విద్యార్హతగా తీసుకుంటున్నాం. మార్సెయ్ రేవులో కూలి చేశాడు, నవలలు రాశాడు. వాటిని చదవగలిగినవాళ్లు సొంత దేశంలో బహు కొద్దిమందే అని తెలిసొచ్చాక, నలభై దగ్గరపడుతుండగా సినిమా నేర్చుకోవడానికి మాస్కో వెళ్లాడు.

అంతకు ముందువాళ్లకు మరో రకం సౌకర్యం ఉండేది. 1934 నాటి లవాల్ ఉత్తర్వు పుణ్యమా అని ఫ్రెంచి వలసల్లో సర్కారు అనుమతి లేనిదే కెమెరా తిప్పకూడదు. అందుకని ఆఫ్రికా దర్శకుడు పొలాన్ వియెరా, ఆయన మిత్రులు 1955లో పారిస్‌లో ఉంటున్న ఆఫ్రికన్ల మీద సినిమా తీశారు. ఆఫ్రికా సినిమాకు ఆఫ్రికా తప్పనిసరి కాదని ఆనాడే తేలిపోయింది.

ఇక పెట్టుబడి. పారిస్‌లో ఫ్రెంచి సర్కారువాళ్లకు అర్జీ పెట్టుకోవాలి. వాళ్లు ఉదారంగానే ఇస్తారు. అక్కడి కంపెనీ ఒకటి సహనిర్మాతగా ఉండాలంటారు, ల్యాబు, మిక్సింగు పనులు అక్కడే చేయించుకోవాలంటారు. ఆ చేత్తో ఇచ్చింది ఈ చేత్తో పుచ్చుకోవడంలో మోసమేమీ లేదు, రెండు చేతులూ వాళ్లవే. 1968లో సెంబెన్ ‘మండాబి’ తీసినప్పుడు ఫ్రెంచి డబ్బుతోపాటు ఫ్రెంచి భాష కూడా వచ్చింది. ఆయనకు కావలసింది సెనెగల్ జనం మాట్లాడే వోలోఫ్. కాబట్టి సినిమాను రెండు భాషల్లోనూ తీయాల్సివచ్చింది. కథేమిటంటే, పారిస్ నుంచి మేనల్లుడు మనియార్డరు పంపితే, గుర్తింపు కార్డు లేక దాన్ని మార్చుకోలేని డాకర్ వాసి అగచాట్లు. దర్శకుడు కథ కోసం మరీ దూరం వెళ్లినట్టు లేదు.

రెండుసార్లు తీయడమంటే ఏమిటో ఒక లెక్క చూద్దాం. వెయ్యడుగుల 35 ఎంఎం రీలు నడిచేది 11 నిమిషాలు. గంటన్నర సినిమాకు అయిదింతలు తీసినా 450 నిమిషాలు, అంటే 41 రీళ్లు. రెండో భాషకు మళ్లీ అంత. ముడిఫిల్మును ఐసుపెట్టెలో దాచాలి. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా డబ్బా మూత తియ్యకూడదు, తీస్తే ఫిల్ముకు చెమ్మ పడుతుంది. సహారా నుంచి హర్మటాన్ గాలి వీచే రోజుల్లో రీలు మార్చినప్పుడల్లా కెమెరాలో ఫిల్ము నడిచే గేటు తుడవాలి. ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే రీలు పొడవునా గీత. ఆ గీత సంగతి నెగెటివ్ విమానమెక్కి పారిస్ వెళ్లి, కడిగి చూసుకుని, కబురొచ్చాక గానీ తెలియదు. ఈలోగా హీరోయిన్ తల నున్నగా గొరిగించుకుని ఉంటుంది.

ఇన్ని గండాలు గడిచాక వచ్చేది వ్యాకరణం. 1977లో సెంబెన్ ‘చెద్దో’ తీశాడు. పై నుంచి రుద్దే మతాన్నీ, మనుషుల్ని బానిసలుగా అమ్మే వ్యాపారాన్నీ ఎదిరించినవాళ్ల కథ. దేశాధ్యక్షుడు సెంఘోర్ మహాకవి, పైగా ఫ్రాన్సులో పాఠాలు చెప్పిన పంతులు. వోలోఫ్ మాటలు ఎలా రాయాలో ఉత్తర్వు ఇచ్చి ఉన్నాడు. దాని ప్రకారం ఆ పేరులో ‘ద’ ఒక్కటే ఉండాలి, వత్తు ఉండకూడదు. సెంబెన్ వత్తు తీయనన్నాడు. సినిమా సెనెగల్‌లో ఏళ్ల తరబడి ఆడలేదు. మతం మాట ఎవరూ ఎత్తనక్కర్లేకపోయింది, వత్తు చాలింది.

తెలుగువాళ్లకు దీని గంభీరత చప్పున అర్థమవుతుంది. ‘వద్దు’ అనాలన్నా ద కింద ద వత్తు కావాలి, ‘గద్దె’ ఎక్కాలన్నా అదే వత్తు కావాలి. ఉన్నది ఒకటే అయినప్పుడు గద్దె మీదున్నాయన ఇంకొకరికి ఎందుకిస్తాడు? సెంబెన్ అంతకుముందు మిత్రుడితో కలిసి ‘కద్దు’ అనే వోలోఫ్ పత్రిక నడిపాడు. అక్కడ ఆ మాటకు అర్థం ‘మాట’. మనకు ‘కలదు’. రెండుచోట్లా వత్తు కద్దు.

హాలు దొరకడం చిన్న విషయం, క్లుప్తంగా చెప్పుకుందాం. దొరకదు. పశ్చిమాఫ్రికాలో ఫ్రెంచి మాట చెల్లే దేశాల హాళ్లకు బొమ్మలు సరఫరా చేసేవి కొమాసికో, సెక్మా అనే రెండు ఫ్రెంచి కంపెనీలు. ఖర్చు ఎప్పుడో రాబట్టుకున్న పాత హిందీ, అమెరికా ప్రింట్లు చవగ్గా దొరుకుతుంటే, తొలి పైసా కూడా రాని లోకల్ బొమ్మ ఎవడికి కావాలి? సెంబెన్ ప్రింటూ ప్రొజెక్టరూ వెంటేసుకుని ఊళ్లు తిరిగాడు. చాద్‌లో ఇంకా సులువైన పద్ధతి కనిపెట్టారు. 2010లో అక్కడి దర్శకుడు మహమత్ సాలే హరూన్‌కు ఫ్రాన్సులోని కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి వచ్చింది. మర్నాటి ఏడాది రాజధానిలో ఏళ్ల తరబడి మూతపడి ఉన్న నార్మండీ హాలు తలుపులు తీశారు. హాలు కావలసిన ఊళ్లవాళ్లు ముందు కాన్‌లో గెలిచి రావాలి.

బుర్కినా ఫాసో రాజధాని వాగడూగులో ఫెస్పాకోకి వెళ్లడం మరవకండి, 1969 నుంచి జరుగుతున్న ఆఫ్రికా సినిమా పండుగ. చౌకగా ఉంటుందని డిజిటల్‌లో తీసినవాళ్లు సైతం, 2015లో నిబంధన సడలేదాకా, ప్రధాన పోటీ కోసం 35 ఎంఎం ప్రింటు వేయించుకోవాల్సిందే. గెలిస్తే బంగారు గుర్రం బొమ్మ ఇస్తారు. మారిటేనియాకు చెందిన మెద్ హోండో, నైజర్ రాణి కథను నైజర్‌లో తీయనివ్వకపోతే బుర్కినా ఫాసోలో తీసి, 1987లో ఆ గుర్రాన్ని గెలుచుకున్నాడు.

గుర్రానికి దాణా కావాలి కదా. హోండో పారిస్‌లో హాలీవుడ్ సినిమాలకు ఫ్రెంచి డబ్బింగు చెప్పేవాడు. ఎడ్డీ మర్ఫీకి ఆయనే గొంతు. ‘ష్రెక్’ ఫ్రెంచిలో చూసినవాళ్లు విన్న గాడిద గొంతూ ఆయనదే. సినిమాలు తీయడానికి డబ్బు ఎలా వచ్చేదని అడిగితే, గాడిద చాకిరీ అని చెప్పుకోగల దర్శకుడు ప్రపంచంలో ఆయనొక్కడే.