రిచర్డ్ వారెన్‌కి తండ్రిని అంటగట్టకండి

మళ్లీ చేశారు! ఎవరైనా మార్చగలిగే ఆన్‌లైన్ వంశవృక్షంలో, మా కోడలి పుట్టింటివైపు పూర్వీకుడు రిచర్డ్ వారెన్ తండ్రి గడిని కావాలనే ఖాళీగా ఉంచాను. నిన్న రాత్రి ఎవరో వచ్చి అందులో క్రిస్టఫర్ వారెన్ అని రాసేసి, అక్కణ్నుంచి ఏకంగా ఇంగ్లండ్ ప్రభువులైన సర్రే ఎర్ల్‌ల దాకా ఎక్కించేశారు. ఆధారమేదని అడిగితే "అందరి వృక్షాల్లోనూ ఉంది కదండీ" అట. ఒకరిది చూసి ఒకరు ఎక్కించుకుంటే అదెలా ఆధారమవుతుంది?

1620లో ఇంగ్లండ్ వలసదారుల మేఫ్లవర్ ఓడలో అమెరికాలోని ప్లిమత్ కాలనీ చేరిన మనిషి ఈ రిచర్డ్ వారెన్. లండన్ నుంచి వచ్చాడని తెలుసు. తల్లిదండ్రులెవరో ఈనాటికీ తేలలేదు. ఇంగ్లండ్‌లో 1538 నుంచే బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, చావులు రాసే చర్చి రిజిస్టర్లు మొదలయ్యాయి, నిజమే. కానీ వాటిలో పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టా? గుస్తావ్ అంజూ అనేవాడు డబ్బున్న అమెరికన్లకు దొంగ వంశావళులు తయారుచేసి అమ్మాడు. ఆ అబద్ధాలనే ఇప్పటికీ ఏరిపారేయాల్సి వస్తోంది.

అసలు నాకు ఒళ్లు మండేది ఆయన భార్య విషయంలో. ఎలిజబెత్‌ని జూయెట్ అన్నారు, మార్ష్ అన్నారు, నోటికొచ్చింది రాశారు. ఆవిడ వాకర్ ఇంటి ఆడపడుచు. 1610లో హర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని గ్రేట్ ఆమ్‌వెల్‌లో పెళ్లయింది. 1613 నాటి తండ్రి ఆగస్టిన్ వాకర్ వీలునామాలో కూతురు ఎలిజబెత్ వారెన్ పేరుంది, ఆమె పిల్లలు మేరీ, ఆన్, సారాల పేర్లున్నాయి. ఆధారమంటే ఇదీ! నేను జతచేసిన ఆ వీలునామాని కూడా ఆ మహానుభావులు తీసేశారు. లేని ఎర్ల్ కావాలి, ఉన్న అమ్మ అక్కర్లేదు.

1623లో ఐదుగురు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని సముద్రం దాటిందండీ ఆవిడ. 1628లో భర్త పోయాడు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అక్కడ పుట్టిన ఇద్దరు మగపిల్లలతో కలిపి ఏడుగురినీ పెంచింది. కాలనీ వాటాదారుల్లో భర్త స్థానం ఆమెదేనని 1637లో ప్లిమత్ కోర్టు తేల్చింది. 1673 దాకా బతికింది. ఇంత చేసిన మనిషికి పుట్టింటిపేరైనా సరిగ్గా రాయలేరా?

మనవాళ్లూ అంతే. మా పెదనాన్న ఏడు తరాల వంశవృక్షం అచ్చు వేయించారు. ఒక్క ఆడపిల్ల పేరు లేదు, ఒక్క కోడలి పేరు లేదు. అడిగితే "ఆడపిల్లలు వేరే గోత్రానికి పోతారు కదమ్మా" అన్నారు. మా కోడలు వారెన్‌ల పెద్దమ్మాయి మేరీ సంతతి. పెదనాన్న లెక్కన ఆ వంశంలో తనకి చోటే ఉండదు! మా నాయనమ్మ పుట్టింటివాళ్లెవరో చెప్పగలిగేవాళ్లు ఇప్పుడు ఒక్కరూ మిగల్లేదు. ఆ పుస్తకాన్ని మాత్రం ఇంట్లో జరిగే ప్రతి పెళ్లిలోనూ పంచుతున్నారు.