లెక్కకు రాని దెబ్బలు

2022 సెప్టెంబర్ 29 రాత్రి. సిన్సినాటి మైదానంలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మయామి డాల్ఫిన్స్‌లో బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవాను ప్రత్యర్థి ఒకడు పట్టుకుని గిరాటేశాడు. తల వెనుక భాగం నేలకు ఠపీమని కొట్టుకుంది. వెల్లకిలా పడి ఉన్న టువా చేతులు ముఖం ముందుకు లేచాయి. వేళ్లు తలోదిక్కుకు కొంకర్లు పోయి అలాగే బిగుసుకుపోయాయి. స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. అంతకు నాలుగు రోజుల ముందే బఫెలో జట్టుతో ఆటలో అతడి తల నేలకు తగిలింది. లేచి నాలుగడుగులు వేసి తూలాడు. నడుం నొప్పి వల్ల తూలాడని చెప్పి అదే ఆటలో మళ్లీ దింపారు. లోకమంతా దుమ్మెత్తిపోశాక, అక్టోబర్‌లో ఆ ఆట ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ రూలు మార్చింది. తలకు దెబ్బ తగిలి తూలితే కారణం ఏదైనా సరే, ఆ రోజుకు అతడి ఆట ముగిసినట్టే.

మంచి రూలే. కాకపోతే అమెరికన్ ఫుట్‌బాల్‌లో అసలు ప్రమాదం ఆ రూలుకు చిక్కేది కాదు. టీవీలో పదిసార్లు తిప్పి తిప్పి చూపించే దెబ్బ మీద అందరికీ కన్ను పడింది. ఎవరూ చూడని, తగిలినవాడు కూడా గుర్తుపెట్టుకోని వేలకొద్దీ దెబ్బల సంగతే ఎవరికీ పట్టడం లేదు.

మెదడు పుర్రెలో బిగించి ఉండదు, ద్రవంలో తేలుతూ ఉంటుంది. పరుగెత్తే మనిషి ఒక్కసారిగా ఆగిపోతే పుర్రె ఆగుతుంది, మెదడు ఆగదు. సడెన్ బ్రేక్ వేసిన బస్సులో నిలబడ్డవాడు ముందుకు తూలినట్టు అది లోపల కదులుతుంది, మెలి తిరుగుతుంది. సన్నటి నరాల పోగులు సాగుతాయి. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, అందులో సందేహం లేదు. లోపలి కదలికను మాత్రం అది ఆపలేదు. ఏళ్ల తరబడి ఇలా జరిగినవారిలో కొందరికి టౌ అనే ప్రోటీన్ మెదడు మడతల అడుగున, చిన్న రక్తనాళాల చుట్టూ ముద్దలు కడుతుంది. దీన్నే సీటీఈ అంటున్నారు. మతిమరుపు, పట్టరాని కోపం, దిగులు, చివరికి డిమెన్షియా దీనితో ముడిపడి ఉన్నాయి. ఇది ఉందని ఖాయంగా చెప్పడం ఇప్పటికీ మనిషి పోయాక, మెదడు కోసి చూస్తేనే సాధ్యం.

2023లో వచ్చిన ఒక అధ్యయనం చాలామంది దృష్టికి రాలేదు. పరిశోధకులు 631 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ల మెదళ్లను పరీక్షించారు. డాక్టర్లు గుర్తించిన కంకషన్ల (దెబ్బకు మెదడు అదిరి తాత్కాలికంగా తికమకపడడం) సంఖ్యకూ సీటీఈకీ పొంతన కుదరలేదు. ఆడినన్నాళ్లూ తలకు తగిలిన దెబ్బల తాకిడి మొత్తం కూడితే ఎంతయిందో, దానితో కుదిరింది. అంటే ఒక్కసారి కూడా స్పృహ తప్పకుండా, ఒక్క ఆట కూడా మానకుండా కెరీర్ ముగించిన లైన్‌మన్ కూడా ఈ జబ్బు బారిన పడొచ్చు. లైన్‌మన్ పనే అది, బంతి కదిలిన ప్రతిసారీ ఎదుటివాడిని ఢీకొనడం.

మైక్ వెబ్‌స్టర్ అలాంటివాడే. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టులో లైన్ నడిమధ్య నిలబడే సెంటర్, నాలుగు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) గెలిచినవాడు. చివరి రోజుల్లో కొన్నాళ్లు తన ట్రక్కులోనే పడుకున్నాడు. ఊడిన పళ్లను జిగురుతో అతికించుకునేవాడు. 2002లో 50 ఏళ్లకే పోయాడు. శవపరీక్ష చేసిన నైజీరియా సంతతి డాక్టర్ బెన్నెట్ ఒమాలుకు ఆ మెదడు పైకి మామూలుగానే కనిపించింది. ఎందుకో మనసొప్పక ముక్కలు కోయించి రంగు వేయించి చూస్తే టౌ బయటపడింది. 2005లో ఆ సంగతి వైద్య పత్రికలో వస్తే, ఎన్‌ఎఫ్‌ఎల్ కమిటీ డాక్టర్లు ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోవాలని ఉత్తరం రాశారు. తల దెబ్బల మీద 1994లో లీగ్ వేసిన ఆ కమిటీకి మొదటి అధ్యక్షుడు కీళ్లవాతం డాక్టరు! ఫుట్‌బాల్‌కూ సీటీఈకీ సంబంధం ఉందని లీగ్ అధికారి ఒకరు అమెరికా కాంగ్రెస్ సభ్యుల ముందు ఒప్పుకునేసరికి 2016 వచ్చింది. మాజీ ఆటగాళ్లకు ఇచ్చే పరిహారంలోనూ, నల్లజాతివారి బుర్ర మొదటినుంచీ తక్కువ స్థాయిలోనే పనిచేస్తుందన్నట్టు వేరే కొలబద్ద పెట్టారు. ఆ సిగ్గుమాలిన లెక్కను వదులుకుంటామని చెప్పింది 2021లో.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బోస్టన్ యూనివర్సిటీ పరిశీలించిన 376 మంది మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లలో 345 మందికి సీటీఈ ఉందన్న అంకె అందరి నోటా నానుతోంది. నూటికి తొంభై మంది గతి ఇదేనని దాని అర్థం కాదు. మనిషిలో మార్పు చూసి అనుమానపడ్డ కుటుంబాలే ఎక్కువగా మెదడు దానం చేస్తాయి. ఆడినవాళ్లందరికీ ఈ జబ్బు రాదు. మాజీ ఆటగాడికి నిద్ర పట్టకపోయినా, దిగులు కమ్మినా ‘ఇక అయిపోయింది’ అనుకోవడం పొరపాటు. నిద్రలేమికీ డిప్రెషన్‌కూ మందులున్నాయి, చికిత్స ఉంది. మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడు డేవ్ డ్యూర్సన్ 2011లో తన మెదడును పరీక్షకు ఇవ్వమని చీటీ రాసి ప్రాణం తీసుకున్నాడు. అలాంటి మనిషి చీటీ దాకా వెళ్లకుండా డాక్టరు దాకా వచ్చేలా చూడాల్సిన బాధ్యత జట్లది.

ఇక చేయాల్సిన పని. లోపం కూడికలో ఉంటే మందు తీసివేతలోనే ఉంటుంది. హెల్మెట్ మీద తొడిగే మెత్తటి తొడుగుల గురించి బోలెడు ప్రచారం జరుగుతోంది. వేసుకుంటే వేసుకోనీ, అభ్యంతరం లేదు. దెబ్బను కాస్త మెత్తబరచడం కంటే అసలు తగలకుండా చూడడం తేలిక, పైగా ఖర్చు లేదు. డార్ట్‌మత్ కాలేజీ కోచ్ బడ్డీ టీవెన్స్ 2010లో ప్రాక్టీసులో ఒకరినొకరు టాకిల్ చేయడమే, అంటే పట్టుకుని కింద పడేయడమే మాన్పించాడు. బొమ్మల మీద నేర్పాడు. పిచ్చి పట్టిందన్నారు. 2015లో ఆ జట్టు తమ కాలేజీల పోటీ అయిన ఐవీ లీగ్ టైటిల్‌ను పంచుకుంది. మరుసటి ఏడాది ఐవీ లీగ్ కోచ్‌లంతా సీజన్ ప్రాక్టీసులో టాకిల్ వద్దనే నిర్ణయానికి వచ్చారు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లు 2011 ఒప్పందంలోనే, సీజన్‌లో ప్యాడ్లు కట్టుకుని ఢీకొంటూ చేసే ప్రాక్టీసులు 14కు మించకూడదని రాయించుకున్నారు. యూనియన్ ఉంది కాబట్టి రాయించుకోగలిగారు. హైస్కూలు కుర్రాడికి యూనియన్ ఎక్కడిది? కోచ్ మళ్లీ కొట్టమంటే మళ్లీ కొడతాడు, ‘నాకు తల తిరుగుతోంది సార్’ అంటే టీంలో చోటు పోతుందేమోనని టెన్షన్.

అంతకంటే చిన్నవాళ్ల సంగతి మరీ ఘోరం. ఆరేడేళ్ల పిల్లలకు హెల్మెట్ పెట్టి ఢీకొట్టిస్తున్నారు. ఆ వయసులో ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడ బలహీనం. 12 ఏళ్లలోపు వారికి టాకిల్ ఆట వద్దనే బిల్లు కాలిఫోర్నియాలో వస్తే, సంతకం పెట్టనని గవర్నర్ గావిన్ న్యూసమ్ 2024 జనవరిలో చెప్పేశారు. అది అక్కడితో ఆగిపోయింది. పిల్లల విషయం తల్లిదండ్రులకే వదిలేయాలని వ్యతిరేకులు వాదించారు. ఏ దెబ్బా లెక్కలో లేనప్పుడు తల్లిదండ్రులు దేన్ని చూసి నిర్ణయించాలి? చిన్నప్పుడే టాకిల్ నేర్వకపోతే పెద్దయ్యాక వెనకబడతారన్న మాటా వినిపిస్తోంది. ఏడు సూపర్ బౌల్స్ గెలిచిన టామ్ బ్రేడీ హైస్కూలుకొచ్చే దాకా జట్టు కట్టి ఫుట్‌బాల్ ఆడనే లేదు.

ఆ బిల్లు మళ్లీ రావాలి, మిగతా రాష్ట్రాల్లోనూ రావాలి. పిల్లల్ని ఆట మాన్పించమని మేం అనడం లేదు. నడుముకు కట్టిన గుడ్డపట్టీని లాగేస్తే చాలనే ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉంది. విసరడం, పట్టడం, తప్పించుకు పరుగెత్తడం అన్నీ అందులో ఉన్నాయి. ఎన్‌ఎఫ్‌ఎల్ కూడా దాన్ని భుజాన వేసుకుంది, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోనూ పెడుతున్నారు. పన్నెండేళ్లు నిండేదాకా ఆ ఆటే ఆడనివ్వండి.