బల్ల మీద బట్ట తీయరాదు

మా కోనసీమ దాపున ఒక మెడికల్ కాలేజీ ఉంది. పేరు చెప్పను. మా మేనల్లుడు అక్కడే చదువుతున్నాడు, వాడింకా పాసవ్వాలి. ఆ కాలేజీవాళ్ళు కిందటేడు మనిషి శరీరాన్ని త్రీడీలో చూపించే బల్ల ఒకటి కొన్నారు. మంచమంత తెర, దాని మీద నిలువెత్తు మనిషి. వేలితో రాస్తే చర్మం పోతుంది, మళ్ళీ రాస్తే కండ పోతుంది, ఆపైన ఎముకలే. ఖరీదెంతండీ అంటే యాజమాన్యం రూపాయల్లో చెప్పలేదు, కొబ్బరితోట ఎకరాల్లో చెప్పింది.

ఆ బల్లను పిల్లల్ని ముట్టుకోనివ్వడం లేదని కొందరు తల్లిదండ్రులు గొణుగుతున్నారు. ఇది చాలా అన్యాయమైన గొణుగుడు. ఈ విషయంలో నేను యాజమాన్యం పక్షం.

అసలు ఇలాంటి బొమ్మలకు దారి ఎలా పడిందో ఈ తల్లిదండ్రులకు తెలుసా? అమెరికాలో, టెక్సాస్‌లో, మరణశిక్ష పడిన 39 ఏళ్ళ ఖైదీ ఒకడు తన శరీరాన్ని సైన్సుకు రాసిచ్చాడు. 1993లో శిక్ష అమలయ్యాక ఆ శరీరానికి స్కాన్లు తీశారు, గడ్డ కట్టించారు, ఒక్కో మిల్లీమీటరు చొప్పున అరగదీస్తూ, అరగదీసినప్పుడల్లా ఫోటో తీశారు. మొత్తం 1,871 ఫోటోలు. ఆత్రేయపురం పూతరేకుల్లా వాటిని కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేరిస్తే మనిషి మళ్ళీ తయారయ్యాడు. 1994లో అక్కడి జాతీయ వైద్య గ్రంథాలయం అతన్ని లోకం మీదికి వదిలేసింది. అపెండిక్స్ మాత్రం లేదు, బతికున్నప్పుడే తీసేశారు. ఖైదీ అయ్యుండి దేశదేశాలూ తిరిగాడు. మా కాలేజీ బల్లలో మనిషి ఏ నేరమూ చేయకుండానే తాళం వెనక ఉన్నాడు.

మన సుశ్రుతుడి పద్ధతి ఉండగా ఈ తెరలెందుకు అనేవాళ్ళూ ఉన్నారు. ఆయన చెప్పిందేమిటంటే, శవాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీళ్ళలో ఏడు రాత్రులు ఉంచాలి. నానాక కుంచెతో మెల్లగా గీకుతూ పొర పొరా చూసుకోవాలి. గొప్ప పద్ధతే. కాలువలకు మా డెల్టాలో కొదవా? కాకపోతే ఇప్పుడు మా కాలువలో ఏడు రాత్రులు పెడితే ఎనిమిదో రోజు పొద్దున పైకి తేలేది శవమో ప్లాస్టిక్ కవర్ల మూటో చెప్పలేం. రొయ్యల చెరువుల నీళ్ళు కలిశాయంటే కుంచె కూడా అక్కర్లేదు.

మా వాడి రికార్డు పుస్తకం చూశాను. రెండు కిడ్నీలూ ఒకే ఎత్తులో, జీడిపప్పు బద్దల్లా, ముచ్చటగా గీశాడు. "ఒరే, కుడిది కాస్త కిందకి ఉంటుందటగా, పైన లివర్ ఉంది కాబట్టి?" అన్నాను. "ఉంటుంది మావయ్యా, గీస్తే మార్కులు పోతాయి" అన్నాడు. గుండెలో కుడి జఠరిక నిజానికి ముందువైపుకే ఉంటుంది. కాగితం మీద గీసేసరికి బుద్ధిగా కుడి పక్కకి వెళ్ళి కూర్చుంటుంది. ఆ బల్ల మీదయితే గుండెను చేత్తో తిప్పినట్టు తిప్పి వెనక నుంచి చూడొచ్చట. చూస్తే ఏమవుతుంది? పుస్తకం తప్పనిపిస్తుంది. పుస్తకం తప్పయితే పుస్తకం రాయించిన సారు తప్పు. శరీర నిర్మాణం కోసం కాలేజీ నిర్మాణాన్ని కదిలించుకుంటామా?

కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీ 1958లో మొదలైంది. ఆ రోజుల్లో డాక్టర్లయినవాళ్ళకు శవం, కత్తి, ఫార్మాలిన్ వాసనా తప్ప ఇంకేం దొరికాయి? చెయ్యి జారి నరం తెగితే తెగినట్టే. బల్ల మీద తెగిన నరం ఒక్క నొక్కుతో అతుక్కుంటుంది. ఇంత సుఖానికి పిల్లల్ని అలవాటు చేస్తే రేపు ఆపరేషన్ థియేటర్లో ఆ బటన్ ఎక్కడుందని వెతుకుతారు. దూరంగా ఉంచడమే క్షేమం.

మరో సంగతి. బల్లకు పసుపు, కుంకుమ, నిమ్మకాయ అన్నీ అయ్యాయి. పట్టుబట్ట కప్పారు. వేసవిలో ఆ గదిలో ఏసీ ఆగదు, పక్కన శవాల హాల్లో నలభై మందికి రెండు ఫ్యాన్లు. ఇంత జరిగాక దాన్ని యంత్రం అనడం అపచారం. అన్నవరం కొండ మీద ఉన్నట్టు ఇక్కడా ఒక క్యూ పెట్టి, చర్మ దర్శనం ఉచితమనీ, కండరాలకు టిక్కెట్టనీ, గుండెకు ప్రత్యేక ప్రవేశమనీ బోర్డు రాయిస్తే కొబ్బరితోట డబ్బులు రెండేళ్ళలో తిరిగొస్తాయి. ఈ సలహాకు నేను పైసా అడగను.

మొన్న ఇన్‌స్పెక్షన్ జరిగింది. ఆ ఒక్క రోజుకే దిగే ప్రొఫెసర్లు దిగారు. పట్టుబట్ట తీశారు. తెల్లకోట్ల పిల్లల్ని బల్ల చుట్టూ నిలబెట్టి, వంగి చూస్తున్నట్టు ఫోటోలు తీశారు. సాయంత్రం మా వాడు ఫోన్ చేశాడు.

"చూశావురా ఎట్టకేలకు?" అన్నాను.

"ఆయ్, చూశాను మావయ్యా. నన్ను పాదాల దగ్గర నిలబెట్టారు. లివర్ దగ్గర మేనేజ్‌మెంట్ కోటా వాళ్ళున్నారు."